హైదరాబాద్‌కి కొత్తగా వచ్చారా? నలుగురు మనుషుల్ని సంపాదించుకునే దారి ఇది

ఉద్యోగంలో చేరిపోయారు. పీజీయో, సింగిల్ బెడ్‌రూమో కుదిరింది. గ్యాస్ వచ్చింది, వైఫై వచ్చింది. శుక్రవారం సాయంత్రం లాప్‌టాప్ మూశాక ఎవరికి ఫోన్ చేయాలో మాత్రం తెలియడం లేదు. బీటెక్ బ్యాచ్‌లో సగం మంది ఈ ఊళ్ళోనే ఉన్నారు గానీ ఒకడు ఉప్పల్‌లో, ఒకడు బాచుపల్లిలో, ఇంకొకడింట్లో నెలల పాప. "ఈ వీకెండ్ కలుద్దాం రా" అని గ్రూపులో పెడితే నలుగురు థంబ్స్ అప్ కొడతారు. ఎవరూ రారు.

అలాగని ఈ ఊళ్ళో కాలక్షేపానికి కరువు లేదు. ఎక్కడో ఒకచోట నాటకమో, స్టాండప్ కామెడీయో, పరుగు పందెమో, పుస్తకావిష్కరణో జరుగుతూనే ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళలో చాలామంది ఈ వారం ఒకదానికి, వచ్చే వారం ఇంకోదానికి వెళ్తారు. వెళ్ళిన ప్రతిచోటా కొత్త మొహాలే, ప్రతి మొహంతోనూ "మీరెక్కడ పని చేస్తారు?" అన్న ముచ్చటే, ఇంటికొచ్చేసరికి మళ్ళీ ఒక్కరే. నేను చెప్పబోయేది దీనికి పూర్తిగా ఉల్టా. ఒకటే చోటు, ఒకటే టైమ్, వారం వారం అవే మొహాలు. వినడానికి చప్పగా ఉంటుంది, కానీ పని చేసేది ఇదే.

దీనికో లెక్క కూడా ఉంది. అమెరికాలో కాన్సస్ యూనివర్సిటీ ప్రొఫెసర్ జెఫ్రీ హాల్ 2018లో ఒక అధ్యయనం ప్రచురించాడు. అందులో ఒక భాగం ఇల్లు మారి ఆరు నెలలు దాటని పెద్దవాళ్ళ గురించే. ముఖపరిచయం మామూలు స్నేహంగా మారడానికి సుమారు 50 గంటలు, "మా ఫ్రెండ్" అని చెప్పుకోవడానికి 90 గంటలు, గాఢస్నేహానికి 200 గంటలపైన కలిసి గడపాలని తేల్చాడు. ఆఫీసులో పక్కపక్కన కూర్చుని పని చేసిన గంటలకి అంత విలువ లేదట. వారానికి రెండు గంటలు కలిసినా 50 గంటలకి ఆరు నెలలు పడుతుంది. కాబట్టి రెండో నెలలోనే "నాకీ ఊరు పడలేదు" అని తీర్పు చెప్పేయకండి. గంటలు ఇంకా పడలేదు, అంతే.

1. ముందు శుక్రవారం రాత్రి బస్సు సంగతి తేల్చండి

విజయవాడ, గుంటూరు, వరంగల్, కర్నూలు వైపు నుంచి వచ్చినవాళ్ళకి ఇదే అసలు అడ్డంకి. ప్రతి శుక్రవారం లక్డీకాపూల్‌లోనో మియాపూర్‌లోనో బస్సెక్కి, సోమవారం తెల్లారేసరికి నిద్రమొహంతో దిగి, అటునుంచి అటే ఆఫీసుకి. ఇలా ఉన్నంతకాలం మీరు హైదరాబాద్‌లో ఉన్నట్టు కాదు, ఐదు రోజులు డ్యూటీకి వచ్చి వెళ్తున్నట్టు. ఇక్కడ స్నేహాలు కుదిరేది శని ఆదివారాల్లోనే. మామూలు రోజుల్లో అందరి సాయంత్రాలూ ట్రాఫిక్‌కే పోతాయి.

నెలకి కనీసం రెండు వారాంతాలు ఇక్కడే ఉంటానని ఇంట్లో ముందే చెప్పేయండి. అమ్మ నొచ్చుకుంటుంది. "మొదటి వారం, మూడో వారం వస్తానమ్మా" అని తేదీలతో చెబితే సర్దుకుంటుంది. ఏదీ చెప్పకుండా ఆఖరి నిమిషంలో ఎగ్గొడితేనే గొడవ.

2. దూరం చూసుకున్నాకే ఇష్టం

కొత్తగా వచ్చినవాళ్ళు ముందు హాబీ ఎంచుకుని, తర్వాత అదెక్కడ జరుగుతుందో వెతుకుతారు. హైదరాబాద్‌లో ఈ వరస తిప్పి చేయాలి. ఊరు చుట్టూ ఉన్న ఔటర్ రింగ్ రోడ్డే 158 కిలోమీటర్లు. కొండాపూర్‌లో ఉంటూ చిక్కడపల్లిలో వారం వారం సాహిత్య సభకి వెళ్ళాలనుకునేవాళ్ళు మూడో వారానికి మానేస్తారు. ఆసక్తి తగ్గిపోయి కాదు, పంజాగుట్ట దాటలేక.

ఇంటి నుంచి అరగంటలో చేరగలిగే చోట్లు మాత్రమే రాసుకోండి. మెట్రో స్టేషన్ దగ్గరుంటే ఆ లైన్ మొత్తం మీ పేటే అనుకోవచ్చు. మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా ఒక లైన్, నాగోల్ నుంచి రాయదుర్గం దాకా ఇంకోటి. అమీర్‌పేటలో రెండూ కలుస్తాయి.

కొండాపూర్, మాదాపూర్ వైపు ఉంటే బొటానికల్ గార్డెన్, శిల్పారామం, దుర్గం చెరువు పక్కన నడక దారి ఉన్నాయి. తార్నాక, హబ్సిగూడ వాళ్ళకి ఉస్మానియా క్యాంపస్‌ని మించింది లేదు. పొద్దున్నే ఆర్ట్స్ కాలేజీ ముందు నడిచేవాళ్ళు, పరిగెత్తేవాళ్ళు, ఉద్యోగ పరీక్షలకి చదువుకునేవాళ్ళు ఎవరో ఒకరు ఉంటారు. అశోక్ నగర్, ముషీరాబాద్ వాళ్ళకి ఇందిరా పార్కు, సికింద్రాబాద్ వాళ్ళకి సంజీవయ్య పార్కు. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ చుట్టుపక్కల వాళ్ళకి కేబీఆర్ పార్కు సరేసరి. 1998లో జాతీయ పార్కుగా ప్రకటించిన అడవి అది, నడుస్తుంటే నెమళ్ళు అడ్డొస్తాయి.

ఇంకా ఇల్లే తీసుకోకపోతే మీ అదృష్టం. అద్దె రెండు వేలు తక్కువని ఊరి చివర తీసుకోకండి. ఆ రెండు వేలకి మీ సాయంత్రాలన్నీ అమ్ముకున్నట్టే.

3. మొదటి నెలలో మీ మొహం నలుగురికీ తెలియాలి

ఈ నెలలో స్నేహితుల కోసం వెతకొద్దు. ఒక టిఫిన్ బండి, ఒక టీ కొట్టు, ఒక కిరాణా షాపు, ఒక పార్కు ఎంచుకుని అవే పట్టుకు వేలాడండి. టైమ్ కూడా మార్చొద్దు. పొద్దున ఎనిమిదింటికి వచ్చే మనుషులు వేరు, తొమ్మిదిన్నరకి వచ్చే మనుషులు వేరు.

రెండు వారాలు గడిచాక బండి దగ్గర అన్న మిమ్మల్ని చూడగానే "ప్లేట్ ఇడ్లీ, కారప్పొడి ఎక్కువ" అని తనే అంటాడు. పక్కన నిలబడ్డవాళ్ళకి మీరు కొత్తవాళ్ళలా కనిపించడం మానేస్తారు. అక్కడి నుంచి మాట కలపడం తేలిక. ఇరానీ హోటల్ అయితే ఇంకా తేలిక. టేబుళ్ళు తక్కువ, జనం ఎక్కువ, తెలియనివాళ్ళ ఎదురుగా కూర్చోవడం అక్కడ మామూలే. ఉస్మానియా బిస్కెట్ల ప్లేటు మధ్యలో పెట్టుకుని "తీసుకోండి" అంటే ఎవరూ తప్పుగా అనుకోరు. వన్ బై టూ చాయ్ అనే పద్ధతి ఉన్న ఊరు ఇది. దాన్ని వాడుకోండి.

వాచ్‌మన్‌నీ, అపార్ట్‌మెంట్ సెక్రటరీనీ కూడా పేరు పెట్టి పలకరించండి. ఎవరింట్లో మీ వయసువాళ్ళున్నారో, కాలనీలో షటిల్ ఎక్కడ ఆడతారో మీ ఫోన్‌లో ఉన్న ఏ యాప్ కంటే వాచ్‌మన్‌కే బాగా తెలుసు.

4. మనిషి తక్కువైతే ఆగిపోయే పని ఒకటి పట్టుకోండి

ఈ గైడ్‌లో ఒక్క అడుగే పాటిస్తానంటే ఇది పాటించండి.

జిమ్‌కి మీరు వెళ్ళకపోతే ఎవరికీ ఏమీ కాదు. సినిమా కూడా అంతే. డబుల్స్ షటిల్‌కి మాత్రం నలుగురు కావాల్సిందే. బాక్స్ క్రికెట్‌కి రెండు టీములు నిండాలి. కోర్టు గంటల లెక్కన బుక్ చేసుకుంటారు, డబ్బులు తలా ఇంత అని పంచుకుంటారు, కాబట్టి ఒకడు రాకపోతే మిగతావాళ్ళకి ఆటా పోతుంది, డబ్బులూ పడతాయి. అందుకే అలాంటి గ్రూపులు కొత్తవాళ్ళని వెతుక్కుంటూ ఉంటాయి.

ఇది ఎలా జరుగుతుందో చెబుతాను. మీ దగ్గర్లోని ఇండోర్ కోర్టుకి పొద్దున ఆరింటికి రాకెట్‌తో వెళ్ళండి. కౌంటర్ దగ్గర కుర్రాణ్ణి "తమ్ముడూ, ఇక్కడ రెగ్యులర్‌గా ఆడే బ్యాచ్ ఏదైనా ఉందా? ఎవరైనా తక్కువైతే నేనొస్తా" అని అడిగి నంబర్ ఇచ్చి రండి. ఆ రోజు ఏమీ జరగకపోవచ్చు. ఏదో ఒక గురువారం రాత్రి పదిన్నరకి తెలియని నంబర్ నుంచి మెసేజ్ వస్తుంది: "బ్రో, రేపు 6 టు 7 కోర్ట్ ఉంది, ఒకరు తక్కువ, వస్తారా?" అప్పుడు ఎంత నిద్రొస్తున్నా "వస్తా" అనండి. ఆరుకి ఐదు నిమిషాల ముందే వెళ్ళండి. ఆట బాగా రాకపోయినా పర్వాలేదు, టైమ్‌కి రావడం ముఖ్యం. ఆట అవగానే ఎవరూ అడక్కముందే మీ వాటా గూగుల్ పే చేసేయండి. ఇలా కొన్నిసార్లు జరిగితే మిమ్మల్ని వాట్సాప్ గ్రూపులో కలుపుతారు. గ్రూపులో పడ్డారంటే సగం పని అయిపోయినట్టే. ప్లేయో లాంటి యాప్‌లలో కూడా ఆటగాళ్ళు కావాలని పోస్టులు ఉంటాయి గానీ, కోర్టు దగ్గర మనిషికి నంబర్ ఇచ్చి రావడమే నాకు ఎక్కువ నమ్మకం.

ఆటలు పడనివాళ్ళకి ఇంకా చాలా ఉన్నాయి.

పరిగెత్తడం: హైదరాబాద్ రన్నర్స్ 2007 నుంచీ ఉంది. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్ వాళ్ళదే. ఊళ్ళో పేటపేటకీ పొద్దున్నే కలిసి పరిగెత్తే బ్యాచ్‌లు ఉంటాయి. పరుగు ఒంటరి పనే కదా అనిపిస్తుంది. కానీ ఆదివారం పొద్దున ఐదింటికి రోడ్డు మీద ఎదురుచూసేవాళ్ళున్నారంటే పడుకోలేరు, పైగా పరుగు అయ్యాక టిఫిన్ దగ్గర గంట గడుస్తుంది. ఆ గంటే అసలైనది.

సైకిల్: నానక్‌రామ్‌గూడ, నార్సింగి వైపు ఔటర్ పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. పైన సోలార్ పలకల కప్పు ఉంటుంది కాబట్టి ఎండ తగలదు. సైకిల్ కొనేముందు అద్దెకి తీసుకుని నెల తొక్కి చూడండి. బాల్కనీలో దుమ్ము పట్టిన గేర్ సైకిళ్ళు ఈ ఊళ్ళో తక్కువేం లేవు.

రాళ్ళు, పక్షులు: ఇది చాలామందికి తెలియని హైదరాబాద్. ఇక్కడి గ్రానైట్ గుట్టల వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. వాటిని కాపాడాలని 1996లో మొదలైన సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్ళు జనాన్ని ఆ గుట్టల మధ్యకి నడకకి తీసుకెళ్తుంటారు. పక్షులంటే ఇష్టమైతే డెక్కన్ బర్డర్స్ ఉంది, 1980లో మొదలైన సంఘం. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు వచ్చిన అమీన్‌పూర్ చెరువుకి చలికాలంలో వలస పక్షులు వస్తాయి. పక్షుల వాళ్ళ దగ్గర ఒక సౌకర్యం ఉంది: మాట్లాడకుండా నిలబడటమే మర్యాద. బిడియస్థులకి ఇంతకంటే మంచి గుంపు దొరకదు. ట్రెకింగ్ కావాలంటే గ్రేట్ హైదరాబాద్ అడ్వెంచర్ క్లబ్ వాళ్ళు వారాంతాల్లో వెళ్తుంటారు.

పుస్తకాలు, నాటకాలు: బంజారాహిల్స్‌లో లామకాన్ 2010 నుంచి నడుస్తోంది. ఆరుబయట రాతి బండల కింద కూర్చుని టీ, సమోసాలతో నాటకమో, డాక్యుమెంటరీయో, చర్చో చూడొచ్చు. ఒంటరిగా వెళ్తే ఎవరూ వింతగా చూడని చోటు. తెలుగు సాహిత్య సభలు కావాలంటే బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం, చిక్కడపల్లి త్యాగరాయ గానసభ, రవీంద్ర భారతి. సుల్తాన్ బజార్‌లో 1901లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం ఇప్పటికీ ఉంది. సభల్లో ఉపన్యాసాలు ఒక్కోసారి సాగదీస్తారు, అది భరించాలి. సభ అయ్యాక మెట్ల మీద నిలబడి మాట్లాడుకునే పది నిమిషాల్లోనే మనుషులు పరిచయమవుతారు, కాబట్టి వందన సమర్పణ కాగానే పారిపోకండి. అక్కడ కుర్చీలు సర్దడానికో, పుస్తకాల టేబుల్ దగ్గర కూర్చోవడానికో ముందుకొస్తే నిర్వాహకులు మీ పేరు మర్చిపోరు.

వీటిలో ఒకటే ఎంచుకోండి. రెండు కూడా ఎక్కువే. కనీసం రెండు నెలలు ఒక్క వారం కూడా తప్పకుండా వెళ్ళండి.

5. మాట ఎలా కలపాలి

మనవాళ్ళ మధ్య మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "మీదే ఊరు?" ఇది మంచి ప్రశ్నే. తుని అంటే "మా పిన్నిగారిది అన్నవరమండీ" అంటారు, సిద్దిపేట అంటే "మా బావది గక్కడ్నే" అంటారు, మాట సాగిపోతుంది. ఆఫీసు పేరు, ప్యాకేజీ మాత్రం మొదటి పరిచయంలో అడక్కండి. వాళ్ళడిగితే "బతకడానికి సరిపోతుందండీ" అని నవ్వేయండి.

కొందరు రెండో ప్రశ్నగా "మీరేంటి?" అంటారు. ఏం అడుగుతున్నారో మనకీ తెలుసు, వాళ్ళకీ తెలుసు. "మేం భోజనప్రియులమండీ, ఏది పెట్టినా తింటాం" అని నేనంటాను. చాలామంది నవ్వి వదిలేస్తారు. వదలకుండా గుచ్చి గుచ్చి అడిగేవాళ్ళతో స్నేహం ఎంతవరకు వెళ్తుందో అప్పుడే అర్థమవుతుంది.

యాస గురించి ఒక మాట. కోస్తా నుంచి వచ్చినవాళ్ళు తెలంగాణ మాటని సినిమా కామెడీలా అనుకరించకండి. సరదాకే అన్నా అవతలివాళ్ళకి తగులుతుంది. మీ మాట మీరు మాట్లాడండి, వాళ్ళ మాట వాళ్ళు మాట్లాడతారు. కొన్నాళ్ళకి మీ నోట్లోనూ "మస్తుంది", "పరేషాన్", "జర ఆగు" అవే దొర్లుతాయి. పాతబస్తీ వైపు, ఆటోల్లో, ఇరానీ హోటళ్ళలో దక్కనీ ఉర్దూ నడుస్తుంది. "హౌ" అంటే అవును, "నక్కో" అంటే వద్దు. ఈ రెండూ, "భాయ్" అన్న పిలుపూ ఉంటే చాలావరకు నెట్టుకురావచ్చు. తెలుగువాళ్ళలో వయసు తెలియని మగవాళ్ళకి "అన్నా", ఆడవాళ్ళకి "అక్కా" లేదా "మేడమ్" సరిపోతాయి. ఆంటీ అనేముందు మాత్రం రెండుసార్లు ఆలోచించండి.

6. ఆ చోటు దాటించి బయటికి పిలవండి

ఇక్కడే చాలా పరిచయాలు ఆగిపోతాయి. నెలల తరబడి కలిసి షటిల్ ఆడినా ఒకరి ఇల్లు ఒకరికి తెలియదు. ఎవరో ఒకరు ముందు పిలవాలి. కొత్తగా వచ్చింది మీరు, అవసరం మీది, కాబట్టి పిలవాల్సింది మీరే. అవతలివాళ్ళకి ఇప్పటికే ఒక జీవితం ఉంది, వాళ్ళకి గుర్తు రాదు. అందులో చిన్నతనం ఏమీ లేదు.

"ఎప్పుడైనా కలుద్దాం" అన్న మాట ఈ ఊళ్ళో టాటా చెప్పడంతో సమానం. రోజు, టైమ్, చోటు, మెనూ అన్నీ చెప్పి పిలవండి. "అన్నా, ఈ ఆదివారం ఆట అయ్యాక అట్నుంచి అటే టిఫిన్‌కి పోదామా? ఎనిమిదిన్నరకల్లా ఇంటికి వెళ్ళిపోవచ్చు." ఎప్పుడు అయిపోతుందో కూడా చెప్పడం వల్ల పెళ్ళయినవాళ్ళు ధైర్యంగా ఒప్పుకుంటారు.

ఒక్కరిని పిలిస్తే ఇద్దరికీ ఇబ్బంది. ఇద్దరిని పిలవండి. ముగ్గురుంటే ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉంటారు.

ఆ తర్వాత ఇంటికి భోజనానికి పిలవండి. ఇల్లు చిన్నదని, సోఫా లేదని ఆగొద్దు. చాప పరిచి ముద్దపప్పు, ఆవకాయ, వడియాలు, పెరుగు పెట్టండి. ఈ ఊళ్ళో బిర్యానీ ఎవరైనా ఎప్పుడైనా తింటారు. పీజీ హాస్టల్ సాంబారు తిని తిని ఉన్నవాడికి ముద్దపప్పు పెడితే జన్మలో మర్చిపోడు. ఊరి నుంచి వచ్చేటప్పుడు ఒక ప్యాకెట్ పూతరేకులో, సకినాలో ఎక్కువ పట్టుకురండి. షటిల్ కోర్టు దగ్గర డబ్బా తెరిస్తే చాలు.

మూడుసార్లు పిలిచినా ప్రతిసారీ ఏదో వంక చెప్పి, తిరిగి వాళ్ళు ఒక్కసారీ పిలవకపోతే వదిలేయండి. కోపం పెట్టుకోవద్దు, ఆట మానొద్దు. ఆ గుంపులో ఇంకో మనిషి ఉంటాడు.

7. పండగల్ని వాడుకోండి

హైదరాబాద్‌లో కొత్తవాళ్ళు ఏ పరిచయమూ లేకుండా లోపలికి వెళ్ళగలిగే తలుపులు పండగలే.

వినాయక చవితికి కాలనీ కుర్రాళ్ళు చందాకి వస్తారు. తలుపు తీసి వంద చేతిలో పెట్టి పంపేయకుండా, "నిమజ్జనం ఎప్పుడు? లైటింగ్ పనికి మనుషులు కావాలా?" అని అడగండి. మండపం దగ్గర రాత్రిపూట కాపలా కూర్చునే బ్యాచ్‌లో చోటు దొరుకుతుంది. పేకముక్కలు, టీ, కబుర్లతో మూడు రాత్రులు గడిస్తే హాల్ గారి గంటలు ఎన్ని పడ్డాయో లెక్కేసుకోండి. లడ్డూ వేలం దాకా ఉండండి. బాలాపూర్‌లో 1994లో 450 రూపాయలతో మొదలైన లడ్డూ వేలం ఇప్పుడు లక్షల్లో పలుకుతోంది. మీ కాలనీలో అంత ఉండదు గానీ పాటలో పోటీ, ఎగతాళి అన్నీ ఉంటాయి.

ఆషాఢంలో బోనాలు గోల్కొండలో మొదలై, తర్వాత సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి, ఆపైన లాల్ దర్వాజా. బోనాల రోజు ఇంటి ఓనర్లు భోజనానికి పిలిస్తే మొహమాటపడకుండా వెళ్ళండి. బతుకమ్మకి ఏ అపార్ట్‌మెంట్ ఆవరణలోనైనా కొత్తగా వచ్చిన ఆడవాళ్ళని చేయి పట్టుకుని లాగి మరీ ఆడిస్తారు, అడుగులు రావాల్సిన పని లేదు. రంజాన్ నెలలో రాత్రి పూట చార్మినార్ వైపు హలీమ్‌కి వెళ్ళడానికి ఆఫీసులో ఎవరో ఒకరు ప్లాన్ వేస్తారు. లేకపోతే మీరే వేయండి.

కార్తీక వనభోజనాలని మాత్రం అస్సలు వదలొద్దు. అపార్ట్‌మెంట్ల వాళ్ళు, జిల్లా సంఘాల వాళ్ళు, కాలేజీల పూర్వ విద్యార్థులు అందరూ ఆ నెల ఆదివారాల్లో తోటలు పట్టుకుంటారు. వడ్డించే పని తీసుకోండి. బకెట్, గరిటె చేతిలో ఉంటే ప్రతి వరసలోనూ ప్రతి మనిషితోనూ మాట్లాడక తప్పదు, వాళ్ళే "నువ్వెవరబ్బాయివి?" అని అడుగుతారు. కొన్ని సంఘాల వనభోజనాలు కులం పేరుతోనే జరుగుతాయి. వెళ్ళాలో వద్దో మీ ఇష్టం. అదొక్కటే మీ లోకం కాకుండా చూసుకోండి.

సంక్రాంతికి ఊరెళ్ళలేకపోతే దిగులు పడొద్దు. ఆ మూడు రోజులూ ఊళ్ళో ట్రాఫిక్ ఉండదు, సెలవు దొరక్క మిగిలిపోయినవాళ్ళు మీలాగే గోళ్ళు గిల్లుకుంటుంటారు. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో నుమాయిష్ కూడా అప్పుడే ఉంటుంది, జనవరి 1న మొదలై ఫిబ్రవరి సగం దాకా. 1938 నుంచి నడుస్తున్న ఎగ్జిబిషన్ అది. ఆఫీసు గ్రూపులో "ఊళ్ళో ఎవరున్నారు? నుమాయిష్‌కి పోదామా?" అని ఒక మెసేజ్ పెట్టండి.

8. ఈలోపు ఒంటరిగా తిరగండి

గంటలు పడేదాకా ఇంట్లో కూర్చుని రీల్స్ చూడాల్సిన పని లేదు. ఊరు తెలిసినవాడిని నలుగురూ పిలుస్తారు, "ఎక్కడికి పోదాం?" అన్నప్పుడు మీ దగ్గర జవాబుంటే చాలు.

సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒక గడియారం ఉంది. గంట గంటకీ చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టి లోపలికి పోతుంది. మధ్యాహ్నం పన్నెండుకి ఎక్కువ దెబ్బలు కొడుతుంది కాబట్టి జనం ముందే వచ్చి కూర్చుంటారు. మ్యూజియంకి శుక్రవారం సెలవు. గోల్కొండలో ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్ దాకా వినిపిస్తుందంటారు, దీన్ని సరిచూడాలంటే ఇద్దరు కావాలి, కాబట్టి ఎవరినైనా తీసుకెళ్ళడానికి మంచి సాకు. ఆదివారం అబిడ్స్‌లో షాపులు మూసి ఉంటే ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. చలికాలంలో బుక్ ఫెయిర్ వస్తుంది.

9. ఇంట్లో ఉండేవాళ్ళకి

పెళ్ళయి భర్త ఉద్యోగం వల్ల వచ్చిన అమ్మాయిలకీ, పిల్లల దగ్గరికి వచ్చేసిన అమ్మానాన్నలకీ ఇది ఇంకా కష్టం. వాళ్ళకి ఆఫీసు కూడా ఉండదు.

పిల్లలున్న తల్లులకి స్కూల్ బస్సు ఆగే చోటే మొదటి మెట్టు. బస్సెక్కించగానే లిఫ్ట్ వైపు పరిగెత్తకుండా ఐదు నిమిషాలు నిలబడితే చాలు. పిల్లలు లేనివాళ్ళు యోగా, సంగీతం, డ్రైవింగ్ ఏదో ఒక క్లాసుకి ఇంటి బయటికి వెళ్ళాలి. ఆన్‌లైన్ క్లాసులో స్నేహాలు కుదరవు.

పెద్దవాళ్ళ విషయంలో పిల్లలు చేసే పని ఒకటుంది: టీవీకి ఇంకో ఓటీటీ వేయించి వదిలేయడం. అలా కాకుండా మొదటి వారం రోజులు మీరే పొద్దున్నే నాన్నని పార్కుకి తీసుకెళ్ళండి. ప్రతి పార్కులోనూ రిటైరైనవాళ్ళ బెంచీ ఒకటి ఉంటుంది. అక్కడికి వెళ్ళి, "మా నాన్నగారండీ, మార్టేరు నుంచి కొత్తగా వచ్చారు, వ్యవసాయం చేసేవారు" అని చెప్పి పరిచయం చేసి పక్కకి తప్పుకోండి. ఆయన తనంతట తను అడగలేరు, పరువు అడ్డొస్తుంది. వరి రేటు దగ్గర మొదలైతే రాజకీయాల దాకా వాళ్ళే చూసుకుంటారు. అమ్మకైతే గుడిలో లలితా సహస్రనామం చదివే గుంపు, లేదా అపార్ట్‌మెంట్‌లో సాయంత్రం కింద కూర్చునే ఆడవాళ్ళు. ఫ్లాట్ నంబర్, మీ ఫోన్ నంబర్ రాసిన కాగితం వాళ్ళ జేబులో, పర్సులో పెట్టండి. ఒకేలా ఉండే టవర్ల మధ్య దారి తప్పడం మామూలే.

10. జాగ్రత్తలు

కొత్త స్నేహితుడు రెండో కలయికలోనే "ఒక బిజినెస్ ఆపర్చునిటీ ఉంది, హోటల్లో చిన్న మీటింగ్, జస్ట్ వచ్చి వినండి" అంటే అది స్నేహం కాదు, నెట్‌వర్క్ మార్కెటింగ్. ఊరి బయట ప్రీ లాంచ్ ప్లాటు అన్నా అంతే. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మడమే చట్టవిరుద్ధం, ఆ ఒక్క ముక్క చెబితే మాట మార్చేస్తారు. డేటింగ్ యాప్‌లో పరిచయమైనవాళ్ళు ఫలానా పబ్బుకే రావాలని పట్టుబడితే వెళ్ళకండి. బిల్లు వేలల్లో వేసి, పిలిచినవాళ్ళు మాయమయ్యే మోసాలు ఇక్కడ బయటపడ్డాయి.

యాప్‌లోనో, గ్రూపులోనో పరిచయమైనవాళ్ళని మొదటిసారి పగలు, జనం ఉన్నచోట కలవండి. అమ్మాయిలు ట్రెక్కులకి వెళ్ళేముందు వచ్చేవాళ్ళలో ఆడవాళ్ళు ఎందరో, బండి ఎవరిదో అడిగి, లొకేషన్ ఇంట్లో ఒకరికి షేర్ చేయండి. అలా అడిగితే చిరాకు పడే గుంపుతో అసలు వెళ్ళొద్దు.

ఆరు నెలలైనా ఎవరూ కుదరకపోతే

వెంటనే హాబీ మార్చేయకండి. ముందు టైమ్ మార్చి చూడండి. రాత్రి తొమ్మిదింటి షటిల్ బ్యాచ్‌లో అందరూ పెళ్ళయి పిల్లలున్నవాళ్ళే, ఆట అవగానే వెళ్ళిపోతున్నారంటే, అదే కోర్టుకి శనివారం పొద్దున వెళ్ళండి. పూర్తిగా వేరే జనం ఉంటారు. అప్పటికీ లాభం లేకపోతే చోటు మార్చండి, అరగంట దూరం దాటకుండానే. మూడోసారి మాత్రమే పని మార్చండి. ఏది మార్చినా ఏడో నెలలో మొదలుపెట్టేవాళ్ళకి ఒక సుఖం ఉంది: ఈసరికి టిఫిన్ బండి అన్న, వాచ్‌మన్, కౌంటర్ కుర్రాడు అందరూ తెలిసినవాళ్ళే. కొత్త బ్యాచ్ ఎక్కడుందో ముందు వాళ్ళనే అడగండి.